గంజి పెట్టిన కట్టు

నా కుడి జబ్బ మీద ఒక ఎముక బొక్క లేచి ఉంటది. అంగీ తొడుక్కుంటే కనపడదు, విప్పితే దాచినా దాగదు. వేలుతోని అదిమితే కిందికి పోతది, వేలు తీస్తే మళ్ల పైకొస్తది. మా వాడకట్టు పోరగాండ్లకు అదొక ఆట. అదిమినోడు కథ విని పోవాలె, అది నా షరతు.

గట్ల ఒకనికి చిరుతపులితోని కుస్తీ పట్టిన కథ చెప్పిన. ఇంకొకనికి మూసీ వరదల బర్రె తోక పట్టుకొని ఈదిన కథ. కోస్గి కాన్నించి వచ్చిన మా ఆమె చుట్టాలకు ఆంబోతు కథ. ఒకపారి మోత్కూర్ సంతల ఎవరో తెల్వని పెద్దమనిషి నాకు బీడీ ఇచ్చి, పక్కకు కూసోబెట్టుకొని, నా కథ నాకే చెప్పిండు. అండ్ల పులులు రెండు. నేను ఊకొట్టుకుంట విని, "అయ్యో పాపం, మనిషి బతికిండా?" అని అడిగిన.

"బతికిండు గాని, మాటలు ఎక్కువైనయట" అన్నడు.

అసలు సంగతి చెప్తే ఎవ్వరు బీడీ ఇయ్యరు. సైకిల్ మీదికెల్లి పడ్డ, గంతే. అయినా ఆ పడుడు కంటె పడ్డంక జరిగిందే పెద్దది. కాయితం మీద పెడుతున్న కాబట్టి జర జాగ్రత్తగనే రాస్తున్న. పెంచుడు చేతికి అలవాటైంది. ఎక్కడన్న ఎక్కువైతే మీరే తగ్గించుకొని చదువుకోండ్రి.

మేము నేతోళ్లం. అప్పుడు ఇంట్ల ముగ్గురం: నేను, మా ఆమె, మా బాపు. బాపు కండ్లల్ల పొరలొచ్చి మగ్గం దిగిండు. కూసున్న కాడ కండెలు చుట్టుడు, మా ఇద్దరి మీద ఒర్లుడు, గీ రెండే ఆయన పని. మా ఆమె పడుగు తయారు చేస్తది, నూలుకు గంజి పెడ్తది. మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసునేది నేనొక్కన్నే. మా ఇల్లు నా కుడిచెయ్యి మీద నడిచేది. మాటవరసకు అంటలేను. ఎడమచెయ్యి పోగును దగ్గరికి కొట్టే పలకను ఆడిస్తది. కుడిచెయ్యి మొఖం ముందట వేలాడే తాడు పిడిని గుంజుతది. గుంజితే అడ్డం పోగు మోసే నాడె ఇటుకెల్లి అటు ఉరుకుతది, ఒక పోగు పడ్తది. మళ్ల గుంజితే మళ్ల ఒక పోగు. పొద్దుపొడుపు కాన్నించి పొద్దుమూకేదాక అంతే.

ఆ దినం ధోవతుల మూట సైకిల్ వెనుక కట్టుకొని సంతకు పోతున్న. దిగుడు దారి. ముందట గొర్రెల మంద. గొర్రెల సంగతి మీకు తెల్వనిదా, ఒక్కటి దారి ఇస్తే అన్నీ ఇస్తయి, ఒక్కటి నిలవడ్డదంటే దేశమంత నిలవడ్తది. ఆ దినం ఒకటి నిలవడ్డది. నేను గాలిల లేచిన. లేచి కిందవడే లోపల ఒక చుట్ట కాల్చి, గొర్లకాపరిని మంచిచెడ్డ అడిగి, మూట ఎటు దిక్కు పడ్తదో చూసుకున్న. మూట బురదల పడొద్దని ఒళ్లు తిప్పిన. ఈ చివరి మాట మాత్రం నిజం. చెయ్యి ఆనించకుంట సక్కగ జబ్బ మీద పడుడు అందుకే. ఎండుకట్టె ఇరిగినట్టు చప్పుడైంది. గొర్లు సుత ఇటు మర్లి చూసినయి.

గొర్లకాపరే నన్ను, సైకిల్‌ను, మూటను ఇంటికి చేర్చిండు. మా ఆమె ముందుగాల మూట విప్పి చూసింది.

"ధోవతులకు మరక అంటలేదు" అన్నది.

"నాకంటింది."

"నిన్ను ఉతకనిస్తవా మరి?" అన్నది గాని, అంగీ విప్పి జబ్బ చూసినంక బాపును కేకేసింది. బొక్క కొన తోలు కింద గుడారం గుంజ లెక్క లేచి ఉన్నది. బాపు కండ్లతోని చూడలేడు కద, వేళ్లతోని చూసిండు. చూసి, "మగ్గం మీద ఎంతున్నది?" అని అడిగిండు.

"సగం పడుగు ఉన్నది మామా" అన్నది మా ఆమె.

సగం నేసిన పడుగు మగ్గం మీద ఉన్నదంటే, ఇంటి మనుషులు అన్నం సగం తిని లేచినట్టు. చేయి వస్తదా రాదా, ఆ పడుగు అయితదా కాదా? మా ముగ్గురి నెత్తిల అదొక్కటే తిరిగింది.

పక్క ఊర్ల బొక్కలు కట్టే ముసలాయన ఉండె. చేతులు, కాళ్లు ఇరిగినోళ్లు బండ్లు కట్టుకొని ఆయన కాడికి పోయేది. కోడిగుడ్డు సొన, మినుప పిండి కలిపి పూసి, మీద వెదురు బద్దలు పెట్టి కడ్తడు. ఆయన నా జబ్బ పట్టి చూసి, చేతిల ఉన్న బద్దలు పక్కకు పెట్టిండు.

"చెయ్యి అయితే నాలుగు దిక్కుల బద్దలు పెట్టి కడ్త. గీడ యాడ పెట్టాలె? పైన మెడ, కింద ఊపిరి. బద్ద పెడ్తే నువ్వు గాలి పీల్చుకున్నపుడల్ల జరుగుతది. బొక్క ఒక్కటే కాదు బిడ్డా, దాన్ని పట్టుకున్నదేదో తెగింది. నా చేతికి అందేది కాదిది. దవాఖానకు పో."

తనతోని కాదని చెప్పే వైద్యుణ్ని నేను ఆయన్నొక్కన్నే చూసిన. మా ఆమె చీరె పాత కొంగుతోని చెయ్యి మెడకు వేలాడకట్టి పంపిండు.

నల్లగొండ దవాఖాన డాక్టరు సారు గుంటూరు దిక్కాయన. రాష్ట్రాలు కలిసినంక అటు దిక్కు సార్లు మా దిక్కు రావట్టిన రోజులవి. ఆయన మాట మాకు పుస్తకం చదివినట్టు ఉండేది. మా మాట ఆయనకు ఎట్లుండేదో ఆయనకే తెలువాలె.

"ఎలా పడ్డావోయ్?"

"సారూ, మా ఊరి గుట్ట మీద ఒక చిరుతపులి..." అని అందుకున్న.

"సైకిల్ మీదికెల్లి పడ్డడు సారూ" అన్నది మా ఆమె. "చెయ్యి ఆనించలే. జబ్బ మీదనే పడ్డడు."

సారు నా దిక్కు చూసి, ఇగ అప్పటికెల్లి అడిగేదంత ఆమెనే అడిగిండు. ఎక్స్‌రే తీసేటప్పుడు "నవ్వమంటరా?" అని నేనడిగితే, "నువ్వు ఊపిరి బిగపట్టు చాలు" అన్నడు.

ఫోటోను కిటికీ వెలుతురుకు పెట్టి చూపెట్టిండు. "నీకు రెండు దెబ్బలు. ఎముక విరగడం ఒకటి. అది అతుక్కుంటుంది, ఎముకకు ఆ గుణం ఉంది. రెండోది లిగమెంటు. అంటే ఈ ఎముక కొనను కిందున్న ఎముకకు కట్టి ఉంచే పట్టీలు. అవి తెగాయి. నువ్వు ఎముక పైకి లేచిందనుకుంటున్నావు. నిజానికి నీ చెయ్యే బరువుకు కిందికి జారింది."

"అంటే పోగు ఒక్కటే కాదు, కట్టు ముడి కూడ తెగిందన్నట్టా సారూ?" అన్నది మా ఆమె.

"అలాగే అనుకోమ్మా."

జబ్బ మీదికెల్లి మోచెయ్యి కిందికి, మోచెయ్యి కిందికెల్లి మళ్ల జబ్బ మీదికి పట్టీ చుట్టి బిగించిండు. పైన లేచిన కొనను కిందికి నొక్కాలె, జారిన చెయ్యిని పైకెత్తాలె, గదీ ఆ కట్టు పని. "ఇది వదులైతే లాభం లేదు. వదులైతే రండి, మళ్లీ కడతాను. కొంత కాలం చూశాక కొన కిందికి దిగకపోతే, ఆపరేషన్ సంగతి మాట్లాడుకుందాం" అన్నడు.

వదులైతే రమ్మన్నడు. మంచి మాట. కాని నేతోళ్లకు బట్ట వదులైతే ఏం చెయ్యాలెనో ఇంకొకరు చెప్పాల్నా?

నాలుగు దినాలకే కట్టు జారింది. మనిషన్నంక తింటడు, తుమ్ముతడు, పండుకుంటడు. బాపు వేలు పెట్టి చూసిండు. "బిగి తప్పింది" అన్నడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే మా ఇంట్ల అగ్గి అంటుకున్నట్టే. పడుగు బిగి తప్పినా గదే గొంతుతోని అంటడు.

"దవాఖానకు పోదమా?" అన్న.

"బస్సుల కుదుపుకు ఇంక వదులైతది" అన్నది మా ఆమె. "నూలు బట్టనే కద మామా? గంజి పెడ్తే?"

బాపు కట్టు బట్టను వేళ్లతోని నలిపి చూసిండు. "పల్చగ పెట్టు. కుంచెతోని ఒక్క దిక్కే గుంజు" అన్నడు.

నేను అడ్డం చెప్పలేదు. చెప్పెటోన్ని అయితే ఇది రాసేవాణ్నే కాదు. నాకు గూడ అది సక్కని తెలివే అనిపించింది. పొద్దుగాల వీధిల పడుగులు పరిచి గంజి పెట్టే జాగాల నన్ను ముక్కాలిపీట మీద కూసోబెట్టిన్రు. పడుగుకు పెట్టే గంజే, జర నూనె కలిపి, కుంచెతోని జబ్బ మీదికెల్లి మోచెయ్యి దాక గుంజి గుంజి పూసింది. ఎండ ఎటు తిరిగితే నన్ను అటు తిప్పింది. పోయెటోళ్లు వచ్చెటోళ్లు నిలవడి, "ఏమమ్మా, గీ పడుగు ఏ మగ్గానికి?" అని అడిగిన్రు. "గీ పడుగుకు నూలు తక్కువ, మాటలెక్కువ" అన్నది ఆమె.

ఎండినంక కట్టు మీద వేలుతోని కొడ్తే డప్పు మోగినట్టు మోగింది. మేము ముగ్గురం మస్తు ఖుషీ. ఆ గట్టిదనం ఎంత అంటే, ఆ వాకిట్ల ఒక కోడె నన్ను పొడిచి, తన కొమ్మే వంచుకొని పోయింది. (ఇది తగ్గించుకోండ్రి. పొడువలేదు. పక్కింటోళ్ల లేగదూడ గంజి వాసనకు వచ్చి నా మోచెయ్యి నాకింది. నా రెండో చెయ్యితోని దాన్ని తరుముకుంట మధ్యాన్నమంత గడిచింది.)

నూలు తడిసి ఎండితే గుంజుకుంటది. ఈ సంగతి తెల్వని నేతోడు భూమ్మీద లేడు. కాని ఆ గుంజుకునే నూలు లోపల మనిషి ఉన్నడన్నది ముగ్గురం మరిచినం. పొద్దుమూకే సరికి నా వేళ్లు చల్లబడ్డయి. చీమలు పాకినట్టైంది, ఆ తర్వాత చీమలు సుత పాకలేదు. పిడి గుంజే వేళ్లు అవి. మా ఆమె గిల్లింది. "ఎక్కడ గిల్లుతున్న?" అని అడిగింది. నేను తప్పు వేలు చెప్పిన. ఆమె మొఖం తెల్లగైంది.

వేడి నీళ్లు పోసి నానబెడ్దమన్నది. బాపు వద్దన్నడు. మగ్గం మీది బట్ట కోసే కత్తి తెమ్మన్నడు. ఆ కత్తి మా ఇంట్ల దేనికీ ముట్టరు. పడుగు మొత్తం నేసి, బట్ట దించేటప్పుడు మాత్రమే ముడుతరు. దానికి ముందుగాల కత్తిని కండ్లకద్దుకుంటరు. బాపు ఆ దినం గూడ కత్తిని కండ్లకద్దుకున్నడు. వేలు కింద పెట్టి, వేలు వెంబడి కత్తి నడిపి, చూపు లేని కండ్లతోని, నా తోలుకు గీత పడకుంట కట్టు కోసిండు. కట్టు మట్టిపెంకు ఇరిగినట్టు ఇరిగి కింద పడ్డది. ఆయన నా వేళ్లను తన రెండు చేతుల మధ్యల పెట్టుకొని రుద్దుకుంట కూసున్నడు. నొప్పి వచ్చింది. గంత మంచి నొప్పి నేను మళ్ల ఎన్నడు చూడలే.

తెల్లారి దవాఖానకు పోతే, డాక్టరు సారు ఆ పెంకును బల్ల మీద పెట్టుకొని ముందు నవ్విండు, ఆ తర్వాత తిట్టిండు. మోచెయ్యి కింద తోలు కమిలి పుండైతున్నది. "ఇంకొంచెం ఆలస్యమైతే వేళ్లు పోయేవి, తెలుసా?" అన్నడు. మా ఆమె తల వంచుకున్నది. అది చూసి ఆయన గొంతు తగ్గించిండు. "ఇంత గట్టిగా బిగించాలనే ప్రతి డాక్టరూ అనుకుంటాడమ్మా. బిగిస్తే చర్మం పోతుంది, వదిలేస్తే కొన లేస్తుంది. మీరు గంజి పెట్టకపోయినా ఈ కొన పూర్తిగా దిగేది కాదేమో."

అప్పుడు చెప్పిండు. ఇగ రెండు దారులున్నయి. పట్నం పెద్ద దవాఖానల కోసి, లేచిన కొనను కిందికి గుంజి, తీగతోనో మరమేకుతోనో కింది బొక్కకు బిగిస్తరు. జబ్బ సక్కగ కనపడ్తది. కాని ఆ తీగ తెగొచ్చు, చీము పట్టొచ్చు, జబ్బ బిగుసుకుపోవచ్చు. అతికినంక దాన్ని తీసేటందుకు మళ్ల కోయాలె. లేదంటే కోయకుంట చెయ్యి మెడకు వేలాడేసి, నొప్పి తగ్గినంక కొంచెం కొంచెం కదిలించుకోవాలె. బొక్క అతుకుతది, కొన మాత్రం గట్లనే లేచి ఉంటది. చెయ్యి పనికొస్తది గాని, నెత్తికి పైన బరువులు ఎత్తుడు కష్టమైతది.

"ఏది మంచిది సారూ?"

"నీ చెయ్యి ఏం పని చెయ్యాలి? అది చెప్పు ముందు."

నేను చెప్పవోయిన. ఆయన మా ఆమె దిక్కు చూసిండు. "మాటలతోని వద్దు, చేసి చూపెట్టు" అన్నది ఆమె. నా తువ్వాల తీసి కిటికీ చువ్వకు కట్టి, కొనకు ముడి వేసి పిడి లెక్క చేసింది. కుడిచెయ్యి రాదు కద, నాడె ఇట్ల ఉరుకుతదని ఎడమచెయ్యితోని నేను గుంజి చూపెట్టిన. సారు లేచి వచ్చి, నా స్టూలు మీద ఆయన కూసొని, కుడిచెయ్యితోని తువ్వాల గుంజిండు. గుంజి, చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తున్నదో రెండోచేత్తోని చూసుకున్నడు. మళ్ల గుంజిండు. తలుపు కాడ వరుసల నిలవడ్డ రోగులు రోగాలు మరిచి చూస్తున్నరు.

"నాడె ఎక్కడికి వెళ్లిందోయ్?"

"మీ అల్మారా కిందికి వోయింది సారూ. జర మెల్లగ."

ఆయన నవ్వలేదు. "ఈ పనికి మోచెయ్యి భుజం దాటి పైకి పోవడం లేదు. కిందికి లాగడమే. నాకైతే కోయకుండా చూద్దాం అనిపిస్తోంది. కానీ ఎంత బలం తిరిగొస్తుందో నేను చెప్పలేను. పొద్దంతా లాగితే నొప్పి పుట్టొచ్చు. చెయ్యి నీది. ఇద్దరూ ఆలోచించుకోండి" అన్నడు.

నార్కట్‌పల్లి కాడ బస్సు మారాలె. చాయ్ తాగుకుంట కూసున్నం. లారీలు పట్నం దిక్కు పోతున్నయి. చెయ్యి ఎత్తితే ఏదన్న నిలవడ్తది, పట్నం పోవచ్చు. మా ఆమెకు పోవాల్ననే ఉన్నది. లేచిన బొక్క ఆమె కంటికి సైసలేదు.

"సక్కగ చేస్తమంటున్నరు కద" అన్నది.

"సక్కగ అయితది. గుంజుతదా లేదా, అది వాళ్లూ చెప్పరు."

"కోయకుంటే గుంజుతదా?"

ఆ మాటకు కథ అల్లబుద్ధి కాలే. నాకు తోచింది చెప్పిన. "పడుగుల పోగు తెగితే ఏం చేస్తం? ముడేస్తం. ఆ ముడి ఎన్నడూ పోదు, బట్టల ఉంటది. దువ్వెన లెక్క ఉండే అచ్చు పండ్ల సందులకెల్లి ముడి దూరిందంటే బట్ట సాగుతది. దూరకుంటే మళ్ల తెగుతది. గిది గూడ ముడే. దూరుతదేమో చూద్దం. దూరకుంటే అప్పుడు పట్నం పోదం."

ఆమె గిలాస కింద పెట్టింది. "దూరకుంటే అన్న మాట ఇంట్ల మామ ముందట అనకు" అన్నది. మోత్కూర్ బస్సు వచ్చింది. ఎక్కినం.

సారు నేర్పిన కసరత్తులు రెండు. వంగి నిలవడి చెయ్యిని గంట లెక్క ఊపుడు ఒకటి. గోడ మీద వేళ్లను బల్లి లెక్క పైకి పాకించుడు ఇంకొకటి. వేళ్లు ఎంత దాక పోయినయో మా ఆమె గోడకు సున్నంతోని బొట్టు పెట్టేది. బొట్లు నడుము కాన్నించి రొమ్ముకొచ్చినయి, రొమ్ము కాన్నించి గదుమకొచ్చినయి, నొసలు కాడ ఆగినయి. ఎంత పాకించినా అక్కడనే బొట్టు మీద బొట్టు. ఆ ఏడు పీర్ల పండుగకు నేను పీరు ఎత్తలేదు. ఏటేట మా ఇంటి నుంచి నేనెత్తే పీరది. పొడుగు కట్టె, నెత్తి దాటి ఎత్తాలె. పక్కింటాయన ఎత్తిండు. నేను అగ్గిగుండం పక్కన నిలవడి ఊదు వేసిన. పొగకు కండ్లల్ల నీళ్లొచ్చినయని అందరికీ చెప్పిన. నమ్మిన్రు.

మగ్గం మీద సగం పడుగు అట్లనే ఉన్నది. చెయ్యి రొమ్ము దాటిన దినం గుంతల కూసున్న. ఎడమచెయ్యితోని పలక నేను ఆడిస్తుంటే, పక్కన పీట మీద కూసొని పిడి ఆమె గుంజింది. ఒక మగ్గం, రెండు మనసులు. నేను కింద కాలికట్టె తొక్కక ముందే ఆమె గుంజుతది, నాడె పోగుల మీదికెక్కి ఇంట్ల అటు చివరకు ఉరుకుతది.

"పిడి గుంజుమంటే బావిల నీళ్లు తోడినట్టు తోడుతవేందే?"

"నువ్వు తొక్కుడు సక్కగ తొక్కు. నిద్రల నడిచినట్టు తొక్కుతవు."

"కొట్లాడితే బట్ట ఒడ్డు వంకర పోతది" అని మూలకెల్లి బాపు ఒర్లేది.

గట్ల కొట్లాడుకుంటనే జానెడు జానెడు సాగింది. ఒక పొద్దు ఆమె పిడి ఇడిచిపెట్టి లేచింది. "పొయ్యి మీద అన్నం మాడుతాంది" అన్నది. మాడిన వాసన ఏమీ లేదు. ఆ మాట నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె వంటింటి తలుపు అవుతలకు పోయి నిలవడ్డది. చీరె అంచు కనపడుతనే ఉన్నది. నా ముందట పిడి ఒక్కటే ఊగుతున్నది.

పట్టుకొని గుంజిన. జబ్బల ఏదో కటుక్కుమన్నది. నాడె సగం దాక పోయి ఆగింది. మళ్ల గుంజిన. ఈసారి అవుతలి ఒడ్డు ముట్టింది. చప్పుడు మెత్తగ ఉన్నది, పాత చప్పుడు కాదు. మూలకు కండె చుట్టుతున్న బాపు రాట్నం ఆగింది. నేను ఇంకొకసారి గుంజిన. రాట్నం మళ్ల తిరిగింది. వంటింట్ల గిన్నె మూత ఊరికెనే చప్పుడైంది.

పడుగు ముగిసినంక బాపు ఆ కత్తినే కండ్లకద్దుకొని బట్ట దించిండు. ఆ ధోవతి సంతకు పోలేదు. సావుకారు చూస్తే ఎట్లాగూ తీసుకునేటోడు కాదు. బాపు దాన్ని తొడ మీద పరిచి, వేలు ఈ కొస కాన్నించి ఆ కొస దాక నడిపిండు.

"గిది నువ్వు, పడకముందు" అన్నడు. వేలు జరిగింది. "గిది మీరిద్దరు. కొట్లాడిన్రు." వేలు ఇంక జరిగి, చాన సేపు ఒక్క కాడ ఆగింది. అక్కడ నేత వదులుగ ఉన్నది, జల్లెడ లెక్క గాలి పోతది.

"గిది?" అన్న.

"గిది గూడ నువ్వే. జర వదులు" అని, ఆ ధోవతిని మడత పెట్టి తన నడుముకు చుట్టుకున్నడు. "వదులైతే గాలి ఆడ్తది లే" అన్నడు.

ఇప్పటికీ పొద్దంత గుంజితే పొద్దుమూకంగ జబ్బ సలుపుతది. అప్పుడు ఆ బొక్కను నేనే అదుముకుంట. కిందికి పోతది, మళ్ల పైకొస్తది. పక్కన ఏ పోరడన్న ఉంటే పులి కథ మొదలువెడ్త. లోపలికెల్లి మా ఆమె గొంతు వస్తది: "సైకిల్ మీదికెల్లి పడ్డడు."